తీగలకు జడ వేస్తే: ఒక వాల్వు గిటార్ యాంప్లిఫయర్ పాఠం

పద్యాలూ, కథలూ, మెస్సు సాంబారు మీద వ్యంగ్యాలూ వచ్చే మన పత్రికలోకి సోల్డరు వాసన ఎందుకు అని మా సంపాదకురాలు అడిగింది. కారణం ఉంది. పోయినేడు ఫెస్ట్ రాత్రి స్టేజీ మీద కీచుమని అరిచి, పావుగంట తర్వాత పూర్తిగా మూగబోయిన చెక్కపెట్టె గుర్తుందా? దాన్ని కట్టింది నేనే. అప్పట్లో చాలామంది అడిగారు, నవ్వి తప్పించుకున్నాను. ఇప్పుడు వివరంగా చెప్తాను. ఈసీఈ వాళ్ళకి లెక్కలు పనికొస్తాయి, మిగతావాళ్ళకి కథ పనికొస్తుంది.

వాల్వు అంటే మన తాతల రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్డి. అమెరికా వాళ్ళు ట్యూబు అంటారు. ట్రాన్సిస్టరు వచ్చాక రేడియోల్లోంచి, టీవీల్లోంచి వెళ్ళిపోయింది కానీ గిటారు వాయించేవాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. శక్తికి మించి అడిగినప్పుడు వాల్వు ఒక్కసారిగా విరగదు, మెల్లగా వంగుతుంది. ఆ వంపులో పుట్టే గరుకు శబ్దం వాళ్ళకి కావాలి. మన సిలబస్‌లో దీనికి చోటు లేదు. అయినా ఒక పూర్తి యాంప్లిఫయరుని మొదటి నించి చివరి దాకా ఒక్క చేత్తో కట్టి, ప్రతి వోల్టూ ఎక్కడికి పోతోందో చూడాలంటే ఇంతకంటే మంచి బడి నాకు దొరకలేదు.

నేను ఎంచుకున్నది ఫెండర్ ఛాంప్, 5ఎఫ్1 అనే సర్క్యూట్. 1950ల చివరిది. మూడే వాల్వులు: గొంతు పెంచడానికి ఒక 12ఏఎక్స్7, స్పీకర్ని కదపడానికి ఒక 6వీ6, ఏసీని డీసీ చెయ్యడానికి ఒక 5వై3. ఒకటే నాబు, వాల్యూమ్. బయటికొచ్చేది సుమారు 5 వాట్లు. 5 వాట్లే కదా అని తీసిపారెయ్యకండి, హాస్టలు గదిలో సగం తిప్పితే పక్క బ్లాకు వాళ్ళు కూడా వచ్చి తిడతారు.

దీని వెనకున్న మనిషి లియో ఫెండర్ గురించి రెండు మాటలు. ఆయనకి గిటారు వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్ళో 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. రిపేరు చేసేవాడి చెయ్యి ఆయన యాంప్లిఫయర్లలో ప్రతిచోటా కనిపిస్తుంది. గట్టి ఫైబరు అట్టకి వరసగా ఇత్తడి కన్నాలు బిగించి, రెసిస్టర్లూ కెపాసిటర్లూ అన్నీ ఒకే పక్కన పైకి కనబడేలా పరిచాడు. ఏది పోయినా పై నించే తీసి మార్చుకోవచ్చు. వైరింగు చేసినవాళ్ళు తమ పేరు రాసి లోపల అతికించిన మాస్కింగ్ టేపు ముక్క ఇప్పటికీ కొన్ని పాత పెట్టెల్లో కనిపిస్తుంది. ఆ పెట్టెల ఫోటోలు చూడండి. అవి అందంగా ఉంటాయి అనలేను, వెతుక్కోకుండా దొరికేలా ఉంటాయి. ఈ తేడా నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఎందుకంటే నేను మొదలుపెట్టిందే అందంతో. అల్యూమినియం ఛాసిస్‌ని గరుకు కాగితంతో రుద్ది రుద్ది అద్దం చేశాను. రెసిస్టర్ల రంగు చారలన్నీ ఒకే దిక్కుకి తిప్పి పెట్టాను. తీగలన్నిటినీ 90 డిగ్రీల మలుపులతో, మైనం రాసిన దారంతో, అంగుళానికో ముడి చొప్పున కట్టలు కట్టాను. పాత టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో చేసేవారట అలా. ఎక్కడా మిల్లీమీటరు తీగ ఎక్కువ లేకుండా కొలిచి కత్తిరించాను. మూడు వారాంతాలు పట్టింది. ఫోటో తీసి గ్రూపులో పెడితే వచ్చిన చప్పట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. శబ్దం వినకుండానే అందరూ మెచ్చుకున్నారు. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆన్ చేస్తే వాల్యూమ్ 5 దాకా బాగానే పలికింది, వెనక సన్నగా జుయ్యిమని ఒక మోత తప్ప. 6 దాటగానే గిటారు తీగ ముట్టకపోయినా కీచుమంది. సంక్రాంతి సెలవులకి ఇంటికి మోసుకెళ్ళాను. మా మావయ్యకి తెనాల్లో ఒకప్పుడు రేడియో షాపు ఉండేది. కళ్ళజోడు పైకి ఎత్తి లోపలికి తొంగి చూసి, పెద్దగా నవ్వారు.

"ఏరా, తీగలకి జడ వేశావేంట్రా?"

"నీట్‌గా ఉంటుందని మావయ్యా."

"నీట్‌గానే ఉంది. గ్రిడ్డు తీగనీ ప్లేటు తీగనీ ఒకే దుప్పట్లో పడుకోబెట్టావు. అవి మాట్లాడుకోకుండా ఉంటాయా?"

ఆయన ఒక్క వాక్యంలో చెప్పింది నేను తర్వాత కాగితం మీద వేసుకున్నాను. మీరూ వెయ్యండి, ఉజ్జాయింపు లెక్కే. 12ఏఎక్స్7 గాజులో రెండు వాల్వులుంటాయి. గిటారు సిగ్నలు 2వ పిన్నులోకి వస్తుంది, రెండు దశలూ దాటి 6వ పిన్ను దగ్గర పెద్దదై బయటికొస్తుంది. ఒక్కో దశ దాన్ని ఒకసారి తలకిందులు చేస్తుంది. రెండుసార్లు తలకిందులైతే మళ్ళీ నిలువు, అంటే 6వ పిన్ను మీది సిగ్నలు 2వ పిన్ను మీదిదాని దిక్కులోనే ఊగుతుంది. నా జడలో ఆ రెండు పిన్నుల తీగలూ 10 సెంటీమీటర్ల మేర ఒకదాన్నొకటి అంటుకుని నడిచాయి. అలా అంటుకున్న రెండు తీగల మధ్య కెపాసిటెన్స్ 5 పికోఫారడ్లు అనుకుందాం. 10 కిలోహెర్ట్జ్ దగ్గర 5 పికోఫారడ్ల అడ్డంకి సుమారు 32 లక్షల ఓములు. ఇన్‌పుట్ దగ్గర రెండు 68 కిలోఓముల రెసిస్టర్లు పక్కపక్కన ఉండి 34 కిలోఓములుగా పనిచేస్తాయి. 34 వేలని 32 లక్షలతో భాగిస్తే వందలో ఒక వంతు కంటే కాస్త ఎక్కువ. అంటే బయటికెళ్ళినదాంట్లో దాదాపు వందో వంతు వెనక్కి వచ్చి గుమ్మంలోకి దూరుతోంది.

వందో వంతే కదా అనిపిస్తుంది. ఒక్కో దశ 30 రెట్లు పెంచుతుందనుకున్నా రెండూ కలిసి 900 రెట్లు. 900లో వందో వంతు 9. లోపలికి 1 వెళ్తే తిరిగి 9 వస్తోంది, అది మళ్ళీ లోపలికి పోతోంది. ఫేజు ఎక్కడో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కుదిరితే చాలు, అరుపు ఖాయం. కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో బోర్డు మీద చూసిన లూపు గెయిన్ ఇదే. అక్కడ నిద్రపోయినందుకు ఇక్కడ కట్టాల్సొచ్చింది.

ఇంకో ముచ్చట. 5 దాకా ఊరుకుని 6 దగ్గరే ఎందుకు అరిచింది? వాల్యూమ్ పాట్ ఆడియో టేపరుది, సగం తిప్పితే దాదాపు పదో వంతు సిగ్నలే ముందుకు పోతుంది. 9లో పదో వంతు 0.9. ఒకటికి లోపలే. ఇంకాస్త తిప్పితే ఒకటి దాటుతుంది. లెక్క ఇంత ముచ్చటగా కుదిరిన రోజు, తప్పు నాదే అయినా, కొంచెం ఆనందపడ్డాను.

మన క్లబ్బు భాషలో చెప్పాలంటే ఇది యతి కోసం పద్యాన్ని పాడుచేసుకోవడం. మొదటేడాది అవధానం వర్క్‌షాపులో మేమందరం అదే చేశాం. గణాలు సరిపోయాయి, ప్రాస కుదిరింది, పాదం నింపడానికి ఎక్కడెక్కడి మాటలో తెచ్చి అతికించాం. చదివితే ఊపిరి ఆడలేదు. లోపల ఏం పారాలో తెలియకుండా గట్టు మాత్రం తిన్నగా వేశాం.

మావయ్య అప్పుడే జడ కోసెయ్యమన్నారు. నాకు చేతులు రాలేదు. మూడు వారాంతాల పని. 5 మీద పెట్టుకుని వాయిస్తే సరిపోతుందిలే అనుకుని కాలేజీకి తెచ్చేశాను.

జుయ్యిమనే మోత సంగతి మాత్రం తేల్చుకున్నాను. వినికిడిని బట్టే సగం రోగం తెలుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. మోత లోతుగా, గుండ్రంగా ఉంటే అది 50 హెర్ట్జ్ హమ్, హీటరు తీగల్ని అనుమానించాలి. కాస్త పైస్థాయిలో, తేనెటీగలా గరుగ్గా ఉంటే 100 హెర్ట్జ్, అది డీసీ సప్లై నించి వస్తున్నట్టు. నాది రెండోది. ముందు పలక పొడవునా ఒక లావుపాటి రాగి కడ్డీ తిన్నగా బిగించి, గ్రౌండు తీగలన్నీ దువ్వెన పళ్ళలా దానికి సోల్డర్ చేశాను. చూడ్డానికి దేవాలయం గ్రిల్లులా ఉంది. కానీ మొదటి ఫిల్టరు కెపాసిటరు గ్రౌండుని, దగ్గరగా ఉందని, ఇన్‌పుట్ జాక్ ఉన్న కొసకి కలిపాను. రెక్టిఫయరు ఆ కెపాసిటరుని నింపేది ధారగా కాదు, సెకనుకి 100 సార్లు గుక్కలు గుక్కలుగా. సగటున 50 మిల్లీఆంపులు తాగే పెట్టెలో ఒక్కో గుక్క 300 మిల్లీఆంపుల దాకా ఉండొచ్చు. ఆ గుక్క కడ్డీ అంతా దాటి ట్రాన్స్‌ఫార్మరుకి చేరాలి. దారిలో అతుకులతో కలిపి 0.02 ఓము ఉన్నా 6 మిల్లీవోల్టులు పుడతాయి. గిటారు ఇచ్చేదే వంద మిల్లీవోల్టుల లెక్క. ఆ 6 మిల్లీవోల్టులు ఇన్‌పుట్ జాక్ గ్రౌండు మీద కూర్చుంటే మిగతా యాంప్లిఫయరు దాన్ని కూడా పాటే అనుకుంటుంది.

కెపాసిటరు గ్రౌండుని ఊడదీసి, ట్రాన్స్‌ఫార్మరు మధ్య తీగతో నేరుగా కలిపి, అక్కణ్ణించి ఒక్క తీగ కడ్డీ అవతలి కొసకి వేశాను. మోత పోయింది. కడ్డీ అంతకుముందు ఎంత అందంగా ఉందో ఇప్పుడూ అంతే. తీగ మాత్రం ఒకటి వంకరగా అడ్డంపడి పోతోంది. ఆ వంకర తీగని చాలారోజులు చూడలేకపోయాను.

ఇక ఫెస్ట్ రాత్రి. సెకండియర్ కుర్రాడు, మొదటిసారి స్టేజీ ఎక్కుతున్నాడు. వాళ్ళ నాన్నగారు కర్నూలు నించి బస్సులో వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. 5 దాటించకురా అని చెప్పాను. స్టేజీ మీద డ్రమ్ముల మధ్య ఎవరికి గుర్తుంటుంది? రెండో పాటలో తిప్పాడు, అది అరిచింది, జనం చెవులు మూసుకున్నారు. తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాడు. నాలుగో పాట ముందు శబ్దం పూర్తిగా పోయింది.

పక్కకి తెచ్చి మీటరు పెట్టాను. మొదటి ఫిల్టరు దగ్గర 340 వోల్టులు, రెండో దాని దగ్గరా ఉన్నాయి, మూడోదాని దగ్గర సున్నా. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క 22 కిలోఓముల రెసిస్టరు. రెండు నిమిషాల్లో రోగం దొరికింది, కోల్డ్ సోల్డర్. అయితే ఆ అతుకు బోర్డు అడుగున ఉంది. పై నించి చూస్తే సోల్డరు చుక్కలు కనబడకూడదని నేనే అలా పెట్టాను. బోర్డు ఎత్తాలంటే ఆరు మరలు విప్పాలి, అది సులువే. కానీ బోర్డు నించి బయటికెళ్ళే 14 తీగలూ సరిగ్గా కొలతకి కత్తిరించినవి, పైగా జడలో కట్టేసినవి. బోర్డు అర అంగుళం కూడా పైకి లేవలేదు. జడ కోస్తూ కూర్చుంటే ప్రోగ్రామ్ అయిపోయింది. ఆ కుర్రాడు గిటారుని నేరుగా మిక్సర్లోకి పెట్టుకుని, దోమ పాడినట్టున్న శబ్దంతో మిగతా రెండు పాటలూ పూర్తి చేశాడు. దిగొచ్చి నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

తర్వాత కొన్ని వారాలు నేను రెండో కొసకి పోయాను. అందం అంతా దండగ, పని చేస్తే చాలు అని. అదీ తప్పేనని చెప్పడానికి చరిత్రలో మంచి ఉదాహరణే ఉంది. 1965లో ఫెండర్ కంపెనీని సీబీఎస్ కొనేసింది. తర్వాతి ఏళ్ళలో ఉత్పత్తి పెరిగింది, లోపల తీగలు వేసే శ్రద్ధ తగ్గింది. పొడుగ్గా, అడ్డదిడ్డంగా పడ్డ తీగలు చెవికి అందని ఫ్రీక్వెన్సీల్లో ఊగడం మొదలుపెట్టాయి. తీగలు సర్దడానికి బదులు ఔట్‌పుట్ వాల్వుల గ్రిడ్ల దగ్గర చిన్న కెపాసిటర్లు తగిలించి ఆ ఊగుని నొక్కేశారు. ఊగు ఆగింది. ఆ కెపాసిటర్లని తీసేసి, తీగలు మళ్ళీ సర్దుకోవడం ఆ కాలపు పెట్టెలు కొన్న రిపేరు వాళ్ళకి ఈనాటికీ మామూలు పని.

అవతల బ్రిటన్లో హైవాట్ అనే కంపెనీ. 1970లలో వాళ్ళ యాంప్లిఫయర్ల వైరింగు హ్యారీ జాయిస్ అనే ఆయన చేతిమీదుగా జరిగింది, సైనిక పరికరాల వైరింగుకి పేరున్న మనిషి. ఆ పెట్టె లోపలి ఫోటో చూస్తే నా జడ సిగ్గుపడాలి. అన్నీ లంబకోణాలే, అన్నీ కట్టలే. 100 వాట్లతో ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి మోగాయి అవి. మరి అవెందుకు అరవలేదు? ఏ తీగ ఏ తీగ పక్కన నడవొచ్చో ఆ చేతికి తెలుసు. డీసీ తీగలు కలిసి నడిచినా గొడవ లేదు, హీటరు జంట ఒంటరిగా మూలకి పోవాలి, గ్రిడ్డు తీగ పొట్టిగా విడిగా ఉండాలి. అది తెలిశాక దారం కట్టాలి. నేను దారం ముందు కొన్నాను.

అదే ఛాసిస్ మీద రెండోసారి కట్టడం మొదలుపెట్టాను. ఈసారి నా దగ్గర ఒక ప్రశ్న ఉంది: ఈ నీట్‌నెస్ ఎవరికోసం? ఎలక్ట్రాన్ కోసమా, రేపు రిపేరు చేసేవాడి కోసమా, ఫోటో కోసమా? మొదటి రెండింటికీ ఎంత టైమైనా పెట్టాను. మూడోదానికి మిగిలితే పెట్టాను.

హీటరు తీగలకి బాగా పట్టింది. 6.3 వోల్టుల ఏసీ, 12ఏఎక్స్7కి 0.3 ఆంపు, 6వీ6కి 0.45 ఆంపు, కలిపి ముప్పావు ఆంపు. కరెంటు ఎక్కువ కాబట్టి చుట్టూ అయస్కాంత క్షేత్రం కూడా ఎక్కువ. రెండు తీగల్నీ గట్టిగా మెలిపెడితే ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి చెరిపేస్తుంది. డ్రిల్లు మిషను మూతిలో రెండు కొసలూ బిగించి తిప్పితే నిమిషంలో సమంగా మెలిపడతాయి. ఈ ఒక్క జడ మాత్రం వెయ్యాల్సిందే! దాన్ని ఛాసిస్ మూలకి నొక్కి, సాకెట్ల దగ్గరే పైకి లేపాను. మిగతా తీగలన్నిటికంటే ముందు దీన్ని వెయ్యాలి, తర్వాత వేద్దామంటే చెయ్యి దూరదు.

ట్రాన్స్‌ఫార్మర్ల చోటు కన్నాలు వెయ్యకముందే తేల్చుకోవాలి. పవర్ ట్రాన్స్‌ఫార్మరుకి కరెంటిచ్చి (మిగతా కొసలన్నీ విడివిడిగా టేపు చుట్టి మరీ), ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీకి పాత హెడ్‌ఫోన్ కలిపి, దాన్ని ఛాసిస్ మీద తిప్పుతూ జరుపుతూ వినండి. ఒకచోట మోత పెరుగుతుంది, ఒకచోట దాదాపు మాయమవుతుంది. మాయమైన చోట పెన్సిల్‌తో గీత గియ్యండి. నాకది వంకరగా, పలకకి సమాంతరం కాని కోణంలో వచ్చింది. మొదటిసారి అయితే తిన్నగా పెట్టేవాణ్ణి. ఈసారి వంకరగానే బిగించాను. చూసిన ప్రతివాడూ అడుగుతాడు, ఎందుకలా పక్కకి తిరిగిందని.

ఇన్‌పుట్ 68 కిలోఓముల రెసిస్టర్లని జాక్ మీంచి తీసి నేరుగా వాల్వు సాకెట్ పిన్ను మీదకి తెచ్చాను. బోర్డు మీద వరస చెడింది, కానీ గ్రిడ్డు తీగ సెంటీమీటరుకి తగ్గింది. ప్లేటు తీగలు అవతలి పక్కన. తప్పనిసరిగా దాటాల్సిన చోట అడ్డంగా, ప్లస్సు గుర్తులా దాటించాను. షీల్డు కేబుల్ వాడొచ్చు కదా అంటారు. వాడొచ్చు, కానీ మీటరుకి 100 పికోఫారడ్ల లెక్కన అది పైస్థాయి శబ్దాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. పొట్టి తీగ ఉచితం.

బోర్డు నించి వెళ్ళే ప్రతి తీగకీ రెండంగుళాలు ఎక్కువ వదిలాను. బోర్డుని పుస్తకం అట్టలా పైకి తెరవొచ్చు. ఆ మిగులు తీగలు లోపల చిన్న చిన్న ఉయ్యాలల్లా వేలాడుతుంటాయి, ఫోటోకి బాగుండవు. గ్రిడ్డు తీగకి మాత్రం ఈ మిగులు ఇవ్వలేదు, అది ఎటూ బోర్డు దాకా రాదు. అతుకులన్నీ పైకి కనబడేలా. ప్రతి కాలునీ ముందు కన్నంలో వంచి, లాగితే రాకుండా చేసి, అప్పుడు సోల్డరు.

ఒక్క విషయంలో మాత్రం నాకు ప్రాక్టికల్ అనే మాట చెప్పకండి. 340 వోల్టులు. మూడో తీగ, ఎర్తు, ఛాసిస్‌కి దానికంటూ విడి బోల్టుతో, పళ్ళ వాషరుతో, ఇంకే పనికీ వాడని బోల్టుతో బిగించాలి. కరెంటు తీగ ఛాసిస్‌లోకి వచ్చే కన్నానికి రబ్బరు గ్రామెట్టు, లాగితే ఊడకుండా క్లాంపు. ఫ్యూజు ఫేజు తీగలో. ఫిల్టరు కెపాసిటర్లు స్విచ్చి ఆపినా ఊరుకోవు. 16 మైక్రోఫారడ్లు 350 వోల్టుల దగ్గర దాదాపు ఒక జౌలు దాచుకుంటుంది, మరీ పెద్దది కాదు, కానీ గుండె మీదుగా పోతే చాలు. దానికి అడ్డంగా 220 కిలోఓముల రెసిస్టరు శాశ్వతంగా వదిలేస్తే మూడున్నర సెకన్ల టైము కాన్‌స్టెంటు, 20 సెకన్లలో ఖాళీ. అది అర వాటు పైనే వేడెక్కుతుంది కాబట్టి 2 వాట్లది పెట్టండి. పెట్టాక కూడా మీటరుతో చూసి గానీ చెయ్యి పెట్టకండి, పెట్టినప్పుడు రెండో చెయ్యి జేబులో. ఎవరూ లేని రాత్రి ఈ పని చెయ్యకండి. నేను చేశాను, చెయ్యకూడదు.

మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు సిరీస్ ల్యాంపు. మన ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే అదే చెక్క, అదే 60 వాట్ల ఫిలమెంటు బల్బు. వాల్వులు పెట్టకుండా ఆన్ చేస్తే బల్బు ఒకసారి మెరిసి మసకబారాలి. ధగధగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు, ఆపెయ్యండి. స్పీకరు కలపకుండా మాత్రం ఎప్పుడూ వాల్వులతో నడపొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదం ఉంది. పలకడం మొదలయ్యాక ఎండు వెదురు పుల్లతో ఒక్కో తీగనీ మెల్లగా జరిపి వినండి. ఎక్కడ జరిపితే మోత మారుతుందో అక్కడ పనుంది. మారని తీగలు ఎంత వంకరగా ఉన్నా వాటి జోలికి పోవద్దు. నాకు ఈ పుల్ల పరీక్షే అన్నిటికంటే నచ్చింది. ఏ తీగ మీద ప్రేమ పెట్టుకోవాలో అదే చెప్తుంది.

చివరగా 6వీ6 ఎంత కష్టపడుతోందో చూడాలి. కాథోడ్ దగ్గర 470 ఓముల రెసిస్టరు మీద 19 వోల్టులు వచ్చాయి. 19ని 470తో భాగిస్తే 40 మిల్లీఆంపులు. అందులో స్క్రీను వాటా 3 తీసేస్తే ప్లేటుకి 37. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 301 వోల్టులు. గుణిస్తే 11 వాట్ల పైచిలుకు. పాత పుస్తకాలు 6వీ6కి ఇచ్చిన హద్దు 12. లోపలే ఉంది, కానీ అర్ధరాత్రి హాస్టల్లో వోల్టేజి 240 దాటినప్పుడు మళ్ళీ కొలిచి చూసుకున్నాను. ఆ రాత్రి హద్దు మీదకొచ్చింది. 470 బదులు 560 ఓములు పెట్టాను. శబ్దంలో తేడా నాకైతే తెలియలేదు.

సామాను సంగతి క్లుప్తంగా. రెసిస్టర్లు, కెపాసిటర్లు, స్విచ్చులు హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. అమెరికా ట్రాన్స్‌ఫార్మరు తెప్పించుకోవద్దు, బరువుకే సగం ఖర్చు, పైగా అక్కడి కరెంటు 120 వోల్టులు. 230 నించి 325-0-325, 6.3, 5 వోల్టులు అని కాగితం మీద రాసిస్తే చుట్టిపెట్టే షాపులు మన ఊళ్ళలో ఉన్నాయి. ఇన్సులేషను పరీక్ష చేయించుకుని తీసుకోండి. వాల్వులు ఒకప్పుడు బెంగుళూరు బీఈఎల్‌లో తయారయ్యేవి, మావయ్య అట్టపెట్టెలో ఇంకా కొన్ని ఉన్నాయి. ఇప్పుడు కొత్తవి స్లొవేకియా, రష్యా, చైనాల నించి వస్తాయి.

రెండోసారి కట్టడానికి రెండు వారాంతాలు పట్టింది, అందులో ఒక పూట కాగితం మీద బొమ్మ గీసుకోవడానికే. అందం కోసం ఏమీ చెయ్యలేదా అంటే, చేశాను. పెట్టె టేకు చెక్కది, మూలలు డవ్‌టెయిల్ కోసి అతికించాను. దానికి ఎలక్ట్రాన్లతో సంబంధం లేదు, పెట్టె మోసేటప్పుడు చేతికి బాగుంటుంది, అంతే. రెసిస్టర్ల రంగు చారలు ఈసారీ ఒకే దిక్కుకి ఉన్నాయి. అలవాటు పోలేదు, పైగా చదువుకోవడానికి సులువు. మూత లోపలి పక్కన సర్క్యూట్ బొమ్మ అంటించి, ఏ పిన్ను దగ్గర ఎన్ని వోల్టులు రావాలో రాశాను.

ఇప్పుడా పెట్టె క్లబ్బు గదిలోనే ఉంది, 10 దాకా తిప్పినా అరవదు. ఎక్కువగా వాయించేది ఆ కర్నూలు కుర్రాడే. మొన్న ఫ్యూజు పోతే వెనక పలక నాలుగు మరలూ విప్పి, మూత మీది బొమ్మ చూసుకుని, 5వై3 సాకెట్ దగ్గర తెగిన తీగ పట్టుకుని, మిగులు వదిలిన రెండంగుళాల్లోంచి కాస్త లాగి అతికించేశాడు. నన్ను పిలవలేదు.